పెదనాన్న ‘నేను’ అనడం మానేసిన ఏడాది

మొన్న చలికాలంలో మా మేనకోడలు సౌమ్య నన్ను అరకు తీసుకెళ్లి, ఒక రిసార్టులో మూడు రోజులు నోరు మూయించింది. దాన్ని ‘అంతర్యాత్ర’ అంటారట. గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని గుడ్డసంచుల్లో వేసి దాచేశారు. మౌనం పాటించాలన్నారు. గురూజీ వయసు నా పెద్దకొడుకు కంటే తక్కువే ఉంటుంది. చెవి మీంచి చెంప మీదకు దిగిన సన్నటి మైకు పెట్టుకుని, మౌనం ఎంత గొప్పదో మాకు పూటకో గంట చొప్పున చెప్పేవాడు. మోకాళ్ల నొప్పులు కాబట్టి నాకు కుర్చీ వేశారు. మిగతావాళ్లంతా నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, మోక్షానికి వెయిటింగ్ లిస్టులో ఉండిపోయిన మనిషిని చూసినట్టు నన్ను జాలిగా చూసేవాళ్లు. పొద్దున్న టిఫిన్ల దగ్గర చోడి అంబలిని, అంటే రాగి జావని, వేలెడంత గాజు గ్లాసుల్లో పోసి, పైన ఒక పుదీనా ఆకు నిలబెట్టి ఇచ్చారు. మా పెద్దమ్మ గానీ ఉంటే ఆ ఆకు తీసి అవతల పారేసి, మిగతా అంబలి ఎక్కడుందని అడిగేది.

రెండో రోజు మమ్మల్ని కాఫీ తోటలోకి నడిపించారు. పాదం నేలకు ఎలా తగులుతోందో గమనించుకుంటూ, పెళ్లికూతురిలా నెమ్మదిగా నడవాలి. తోట మధ్యలో గురూజీ ఆగి, కళ్లు మూసుకుని, “నేను అనేదాన్ని ఈ చెట్ల కింద వదిలేసి వెళ్లండి” అన్నాడు. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. దిగువన ఎవరో కాఫీ పళ్లు ఒలిచి తొక్క కుప్ప పోసినట్టున్నారు. పులిసిన ఆ తొక్క వాసన, కుళ్లిన బెల్లంలాగా సగం తీపి సగం పులుపు, తిన్నగా వచ్చి ముక్కుకు తగిలింది. నాకు నవ్వు వచ్చేసింది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. సౌమ్య మోచేత్తో పొడిచింది. పాపం, దానికేం తెలుసు? ‘నేను’ను వదిలేసిన మనిషి మా ఇంట్లోనే ఉండేవాడు. ఆ వాసన మధ్యనే వదిలేశాడు. ఆయన ఒక్కడూ వదిలేసినందుకు ఇంటిల్లిపాదీ ఎంత అవస్థ పడ్డామో దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

మా నాన్నకు డొంకరాయి ప్రాజెక్టులో ఉద్యోగం. అక్కడ కాలేజీ లేదని నన్ను చింతపల్లిలో ఆయన అన్నగారింట్లో ఉంచారు. పెదనాన్నకు, పెద్దమ్మకు పిల్లల్లేరు. పెంకుటిల్లు, ముందు కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం, వెనక కొండవాలు. కొండ మీద సిల్వర్ ఓకు చెట్లు, వాటికి పాకిన మిరియం తీగలు. చలికాలం వచ్చిందంటే పొద్దెక్కేదాకా ఎదురింటి వాకిలి కనిపించేది కాదు, ఎదురింటావిడ దగ్గు మాత్రం వినిపించేది. పెద్దమ్మ చీకటితోనే లేచి నీళ్ల గంగాళం కింద మంట పెట్టేది. ఆ మంట దగ్గరే మొహాలు కడుక్కోవడం, కాఫీలు తాగడం, తిట్లు తినడం, జడ వేయించుకోవడం అన్నీనూ. తడి కట్టెల పొగ, మిరియాల ఘాటు, పెద్దమ్మ తలకు రాసుకునే ఆముదం, ఈ మూడూ కలిసిన వాసన నా పుస్తకాలకు కూడా పట్టేసింది. క్లాసులో నా నోట్సు ఎవరైనా అరువు తీసుకుంటే తుమ్ముకుంటూ తిరిగి ఇచ్చేవారు.

పెదనాన్నది కాఫీ తోటల శాఖలో తిరుగుడు ఉద్యోగం. కొండల మీది పల్లెలన్నీ కాలినడకన తిరిగి, మొక్క ఎలా నాటాలో, నీడ ఎంత ఉంచాలో చెప్పి రావాలి. అలా తిరిగి తిరిగి ఆ కొండల్లోని గిరిజనుల కువి భాష, అక్కడి ఒడియా రెండూ నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనిచ్చేవాడు కాదు. అన్నానికి కూర్చుంటే విస్తట్లో మెతుకుల కంటే ఆయన నోట్లో ‘నేను’లు ఎక్కువ. నేను చెప్పాను కాబట్టి ఆ ఊళ్లో కాఫీ పండింది, నేను వెళ్లకపోతే వాళ్లు చెట్లు కొట్టేసేవాళ్లు, నేను లేకపోతే డిపార్టుమెంటే లేదు. పెద్దమ్మ మజ్జిగ పోస్తూ, “నువ్వు నేకపోతే సూరుడు కూడా లెగడు. తిను బేగి” అనేది.

అంతటి మనిషిని పక్కన పెట్టి, ఆయన దగ్గరే పని నేర్చుకున్న కుర్రాణ్ణి ఆయనకు పైఅధికారిగా వేశారు. పెదనాన్న ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి బూట్లు విప్పి కళ్లం మీదకు విసిరేశాడు. ఎండుతున్న గింజల్లో అవి పడి ఉంటే తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మర్నాడు ఉద్యోగం మానేశానన్నాడు. ఆ తర్వాతి వారం ఉత్తరాది యాత్రకు బయల్దేరాడు. ఎక్కడికెళ్లాడో, ఎవరిని కలిశాడో, ఏం తిన్నాడో ఇప్పటికీ మాకు సరిగ్గా తెలియదు. వేసవి వెళ్లి, వానలు వెళ్లి, కాఫీ పళ్లు ఎర్రబడే వేళకు షేర్ జీపు ఒకటి మా వాకిట్లో ఆగింది. అందులోంచి గడ్డం, కాషాయం, మెడలో రుద్రాక్షలు దిగాయి. పెద్దమ్మ పులిసిన తొక్క వాసన మధ్య చీపురుతో గింజలు తిరగేస్తోంది. తలెత్తి చూసింది.

“ఈ దేహం తిరిగి వచ్చింది” అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, “దేహమొక్కతే ఒచ్చిందేటి? పట్టుకెల్లిన రగ్గేదీ?” అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ‘నేను’ అనే మాట నిషేధం. అంటే ఆయనకు. “ఈ దేహానికి కాఫీ కావాలి.” “ఈ దేహానికి పప్పులో ఉప్పు చాలలేదు.” “ఈ దేహం మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తుంది.” చెప్పకేం, ఆ దేహానికి ఇదివరకటి పెదనాన్న కంటే ఎక్కువ పనులు చేసిపెట్టాల్సి వచ్చేది. నూతి దగ్గర నీళ్లు తోడడం, గింజలు ఎత్తడం అహంకారానికి సంబంధించిన పనులట, అవి మానేశాడు. పెద్దమ్మ మొదట్లో వేళాకోళం చేసేది. “ఆ దేహాన్ని లేసి కట్టెలు సీల్చమను గుంటా, చలికి మంచిది” అనేది నాతో. ఆ తర్వాత ఆయన వెనక కొండవాలు మీద చదునుబండ పక్కన పాక వేయించుకుని అక్కడికి మకాం మార్చేసరికి వేళాకోళం మానేసింది.

ఎలా తెలిసిందో గానీ మైదానం నుంచి జనం రావడం మొదలెట్టారు. అందరికంటే ముందు వచ్చినవారు నర్సీపట్నంలో రైసుమిల్లు ఉన్న అప్పలనాయుడుగారు. ఆయన వ్యాపారంలో ఏదో చిక్కు పడి, పెదనాన్న ‘అంతా సర్దుకుంటుంది’ అన్నాక సర్దుకుందట. ఏ చిక్కయినా ఎప్పటికో అప్పటికి సర్దుకుంటుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆదివారం ఆదివారం తెల్లకారులో భార్యతో, చుట్టాలతో, పళ్లబుట్టలతో దిగేవారు. నేను శిష్యురాలిని. శిష్యరికం అంటే క్యారేజీ మోసుకుంటూ కొండెక్కడం, స్వామి గుర్రు పెడుతుంటే పాక బయట నిలబడి “ధ్యానంలో ఉన్నారు” అని చెప్పడం. నాయుడుగారి భార్య ఒకసారి వంగి నా కాళ్లకు కూడా దణ్ణం పెట్టేసింది. నిజం చెప్పొద్దూ, బాగానే అనిపించింది. అప్పుడు నేను ఇంటర్ ఇంగ్లీషులో తప్పి ఉన్నాను.

అయితే చింతపల్లి చలికి కాషాయం ఆనదు. పెదనాన్న గజగజలాడిపోయేవాడు. పాత మంకీ టోపీ పెట్టుకుంటే భక్తుల ముందు బాగోదు. చివరికి పెద్దమ్మే కాషాయరంగు ఊలు తెప్పించి కొత్త టోపీ అల్లింది. మొహంలో కళ్లు, ముక్కు, గడ్డంలో కొంత మాత్రమే కనిపించే స్వామివారిని చూడ్డానికి నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చేవాళ్లు. ఆ టోపీ అల్లుతున్నప్పుడే, మంట దగ్గర కూర్చుని, పెద్దమ్మ ఉన్నట్టుండి నాతో ఒక మాటంది.

“ఉజ్జోగమున్నన్నాల్లూ కొండలంటా తిరిగినాడు. నానొక్కదాన్నే ఈ ఇంట్లో. పోన్లే, ముసిలైపోతే నా కాడే ఉంటాడు కదా అనుకున్నాను. ఇప్పుడు సూడు. మొగుడు నేడంట, దేహముందంట. దేహంతో నానేటి మాటాడతానే గుంటా?”

ఊలు ఉండ దొర్లిపోతే తెచ్చి ఒళ్లో వేశాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం పాదపూజ. నాయుడుగారు ఇంటి నుంచి పెద్ద వెండిపళ్లెం తెచ్చారు. చదునుబండ మీద పీట వేసి, దాని మీద పెదనాన్నను కూర్చోబెట్టి, పాదాలు పళ్లెంలో పెట్టించి పాలు పోశారు. పసుపు, పువ్వులు, తేనె కూడా వేశారు. స్వామి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు అరమోడ్చి, పాలు చల్లగా ఉన్నాయని మాత్రం నా వైపు ఒక చూపు విసిరి, గంభీరంగా కూర్చున్నాడు. మంత్రాలు చదవడానికి కూడా ఎవరినో తెచ్చారు. అది సగంలో ఉండగా పైనున్న దారి నుంచి ఒకతను దిగి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, భుజం మీద దుప్పటిలో చుట్టిన ఆడపిల్ల. పైకొండల్లోని ఊరు, పేరు సోంబ్రు. పిల్ల పేరు బుద్రి. కొండ మీద సామి ఉన్నాడని సంతలో ఎవరో చెప్పారట, పొద్దున్నే బయల్దేరి తిన్నగా ఇటే వచ్చాడు.

“సామీ, పిల్లకి జొరం. నిన్నట్నుంచి పలకదు. సెయ్యి పెట్టు” అన్నాడు. అని పిల్లను బండ మీద, పెదనాన్న ఎదురుగా పడుకోబెట్టాడు.

పిల్ల కళ్లు సగం తెరిచి ఉన్నాయి, నల్లగుడ్డు కనపడ్డం లేదు. ఒక చెయ్యి ఉండి ఉండి కొట్టుకుంటోంది. మంత్రాలాయన ఆపేశాడు. నాయుడుగారు మాత్రం ముందుకు వంగి, “మన స్వామివారు విబూది పెడితే సాలదేటి? ఇప్పుడే సూత్తారు అందరూ” అన్నారు. ఆయన గొంతులో సరదా ఉంది, సినిమా మొదలవబోతున్నట్టు. అందరూ పెదనాన్న చేతి వైపు చూస్తున్నారు. ఆయన పక్కనున్న పొట్లంలోంచి విభూది రెండు వేళ్లతో తీశాడు. చెయ్యి పిల్ల నుదుటి దాకా వెళ్లి ఆగింది. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. ఆ వేళ్ల సందుల్లోంచి విభూది కొంచెం కొంచెంగా పాలల్లోకి రాలడం చూశాను.

“నాకు చేతకాదు” అన్నాడు పెదనాన్న.

నాయుడుగారికి వినపడలేదేమో, “స్వామీ?” అన్నారు.

“నాకు చేతకాదండీ! నాకేం తెలీదు. ఇది మెదడుకెక్కే జ్వరం, ఈ కొండల్లో చూశాను నేను. పిల్ల పోతాది. లెండి!”

అని పిల్లను అందుకోబోతూ లేచాడు. పాదాలు పాలల్లో, తేనెలో ఉన్నాయి కదా. పళ్లెం ఒక పక్కకీ స్వామి ఒక పక్కకీ జారి, ఇన్నాళ్లూ మేం కళ్లకద్దుకున్న ఆ దేహం భక్తులందరి ఎదుటా వెల్లకిలా పడింది. పంచె ఎక్కడిదాకా పోయిందో చెప్పను. ఎవరూ నవ్వలేదు. ఆయన బోర్లా తిరిగి, చేతుల మీద లేచి, పిల్లను భుజానికెత్తుకుని కొండ దిగడం మొదలెట్టాడు. వెనక సోంబ్రు, వెనక నేను. దారి నిండా ఎండు ఆకులు, ఆయనవి పాలకాళ్లు. రెండుచోట్ల జారితే సోంబ్రు వెనక నుంచి పట్టుకున్నాడు. తర్వాత పిల్లను తను తీసుకున్నాడు. మా వాకిట్లోకి వచ్చేసరికి నాయుడుగారు కూడా రొప్పుతూ వచ్చి కారు దగ్గర ఆగారు.

“గురువుగారూ, పూజ మధ్యలో లేసిపోకూడదంటారు. మా డ్రైవర్ని పంపుతాను, తమరు మళ్లీ...”

“పూజ లేదు, గీజ లేదు. తియ్యవయ్యా బండి, నీ అమ్మకడుపు కాలా!” అన్నాడు పెదనాన్న. నా చెవులతో నేను విన్నాను. డ్రైవరు కోసం చూడకుండా నాయుడుగారు తనే స్టీరింగు ముందు కూర్చున్నారు. గడప మీద నిలబడ్డ పెద్దమ్మ చేతికందిన దుప్పటి ఒకటి తెచ్చి కారు కిటికీలోంచి లోపలికి విసిరింది.

నేనూ కారెక్కాను. ఊళ్లో ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు. చూసిన వెంటనే సూది వేసి, సెలైను పెట్టి, మరీ ఆలస్యం చెయ్యకుండా తెచ్చారన్నాడు. అంతకంటే ఏమీ హామీ ఇవ్వలేదు. నర్సు సోంబ్రును ఏవేవో అడుగుతోంది. అతనికి వచ్చిన తెలుగు సంతకు సరిపడేదే. జ్వరం ఎప్పుడొచ్చింది, ఏం తాగించారు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా కొట్టుకుందా? పెదనాన్న గోడకు ఆనుకుని నిలబడి అవన్నీ కువిలో అడిగి తెలుగులో చెప్పాడు. మొదట పొడిపొడిగా. తర్వాత సోంబ్రు పక్కన కూర్చుని, వాళ్ల ఊరి పేరెత్తి, ఎవరి కొడుకువి అని అడిగాడు. అతను కళ్లు తుడుచుకుని ఏదో చెప్పాడు. నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడు క్యారేజీ పట్టుకుని వెళ్తే వరండా బెంచీ మీద ఉన్నాడు. కాషాయం బురదతో, పాలతో అట్టకట్టి ఉంది. పాదాలకు చీమలు పట్టాయి. చేతిలో అరటిపండు ఒకటి ఉంది.

“ఎక్కడిది పెదనాన్నా?”

“ముష్టోణ్ణనుకుని ఎవరో ఆవిడ ఇచ్చింది” అన్నాడు. తొక్క ఒలిచి సగం నాకిచ్చాడు. “పిల్ల కళ్లు తెరిచింది. నీళ్లడిగింది.” తన సగం నోట్లో పెట్టుకుని, “నన్ను చూసి జడుసుకుంది. గడ్డం కదా” అన్నాడు. ఏడాదిలో మొదటిసారి ఆయన మొహంలో నవ్వు చూశాను. అంతలో వార్డులోంచి ఎవరో ఒక ముసలమ్మను పట్టుకొచ్చి, ఈమె ఏం చెబుతోందో అర్థం కావడం లేదు, కొంచెం చూడండి అన్నారు. క్యారేజీ నాకిచ్చేసి వెళ్లాడు. అన్నం చల్లారిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కళ్లం చివర నిలబడ్డాడు, లోపలికి రావచ్చో కూడదో తెలియనట్టు. పెద్దమ్మ గంగాళంలోంచి వేణ్ణీళ్లు బకెట్లోకి తోడి బయట పెట్టింది. “కంపు కొడతన్నావు. బేగి నీల్లోసుకో” అంది. ఆయన స్నానం చేసి, మామూలు తెల్లపంచె కట్టుకుని వచ్చి మంట దగ్గర కూర్చున్నాడు. చాలాసేపు చేతులు కాచుకున్నాడు. తర్వాత చిన్నగా, “ఆకలేస్తోందే నాకు” అన్నాడు. పెద్దమ్మ చోడి రొట్టె పెనం మీంచి తీస్తున్నదల్లా ఆగింది. పొగకేమో, కళ్లు తుడుచుకుంది. “ఎవలికి?” అంది. “నాకేనే” అన్నాడు. ఆమె ఆ రొట్టె కంచంలో వేసి, పక్కన బెల్లం ముక్క పెట్టింది. నేను పుస్తకం పట్టుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయాను.

నాయుడుగారు ఆ తర్వాత ఒక్కసారి వచ్చి పళ్లెం తీసుకెళ్లారు. మరో నిలకడైన స్వామి దొరికారని విన్నాం. పాకలో మేకలు కాపురం పెట్టాయి. పెదనాన్న గడ్డం గీయించుకుని, రోజూ పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్లేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. కొండ మీంచి దిగిన వాళ్ల మాట డాక్టరుకు, డాక్టరు మాట వాళ్లకు చెప్పడం, చీటీ రాయించడం, తోడు లేనివాళ్ల మంచం దగ్గర కూర్చోవడం. కాళ్లు ఆడినన్నాళ్లూ అదే పని. ఆయన మహాత్ముడైపోయాడని మాత్రం అనుకోకండి. కోపం పోలేదు. వార్డుబాయి మీద అరిచేవాడు. భోజనాల దగ్గర మళ్లీ ‘నేను’ మొదలైంది, నేను లేకపోతే ఆ ఆసుపత్రి ఏమైపోయేదో అన్నంత దాకా వచ్చింది. పెద్దమ్మ మజ్జిగ పోస్తూ ఇదివరకటిలాగే జవాబిచ్చేది. ఆ మాటల్లో ఆవిడ సుఖం ఆవిడది.

నా పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చినట్టు ఆ ఇంటికే వెళ్లినప్పుడు, ఇద్దరం కళ్లం మీద కూర్చుని ఉండగా అడిగాను, యాత్రలో ఏం తెలిసింది పెదనాన్నా అని. “చలి” అన్నాడు. మరి ఆ రోజు బండ మీద? గింజ ఒకటి తీసి గోటితో పొర ఒలుస్తూ కూర్చున్నాడు. “అందరూ నా చెయ్యి చూస్తున్నారు. నేను కూడా నా చెయ్యే చూస్తున్నాను. ఎలా కనపడుతున్నానా అని. అప్పుడా పిల్ల చెయ్యి కొట్టుకుంది చూడు. దానికి నేనెవరైతేనేం? ఆ కాస్సేపు నాకూ అక్కర్లేకపోయింది, నేనెవరో. ఎంత హాయిగా ఉందనుకున్నావు! జారి పడ్డానని కూడా ఇంటికొచ్చాకే తెలిసింది, నడుం పట్టేస్తే.” అని, అంతలోనే లోపలికి తిరిగి, “కాఫీ ఏదే? నేను మనిషిని కానా?” అని కేకేశాడు.

మా అంతర్యాత్ర చివరి రోజున మౌనం విప్పి, ఎవరికి తోచింది వాళ్లు చెప్పమన్నారు. నేను ఒకటి రెండు చమత్కారాలు సిద్ధం చేసుకున్నాను. అంతలో సౌమ్య మైకు తీసుకుని, ఉద్యోగం పోయినప్పట్నుంచి తను రోజూ ఆఫీసుకు వెళ్తున్నట్టు తయారై బయటికి వెళ్లి, పార్కులో కూర్చుని వస్తున్నానని చెప్పింది. ఇంట్లో ఎవరికీ తెలియదంది. వెక్కి వెక్కి ఏడ్చింది. గురూజీ తన చెంప మీది మైకు తీసేసి, లేచి వచ్చి, దాని పక్కన నేలమీద కూర్చున్నాడు. కుర్రాడి మీద నాకు కాస్త గౌరవం కలిగింది. నా చమత్కారాలు నా దగ్గరే ఉంచేసుకున్నాను.

తిరుగు ప్రయాణం పాడేరు, చింతపల్లి మీదుగా పెట్టించాను. దారిలో దానికి పెదనాన్న కథంతా చెప్పాను. పంచె సంగతి దగ్గర నవ్వింది. చింతపల్లిలో ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. ఆసుపత్రి దగ్గర కారు ఆపమన్నాను. పెద్ద భవనం కట్టారు, నాకు తెలిసిన వరండా లేదు. లోపల ఇసక వేస్తే రాలని జనం. సౌమ్య టీ ఎక్కడ దొరుకుతుందో చూడ్డానికి వెళ్లింది. నేను ఒక కుర్చీ ఖాళీ అయితే కూర్చున్నాను. పక్కనున్న చిన్నపిల్ల లాంటి తల్లి నా వైపు తిరిగి, “అమ్మా, బిడ్డని పట్టు. నెత్తురు పరీచ్చకి పిలిసినారు, ఇచ్చి వత్తాను” అంది. నేను అవునూ కాదూ అనేలోపలే బిడ్డ నా ఒళ్లో ఉంది, తల్లి లేదు. ఏడెనిమిది నెలలుంటాయి. కళ్లజోడు పీకింది. గాజులు కొరికింది. తర్వాత తాపీగా నా చీర తడిపేసింది.

సౌమ్య టీ గ్లాసులతో వచ్చి ఆగిపోయింది. “అత్తా, ఎవరి పాప?”

“తెలీదు.”

“వాళ్లమ్మేదీ?”

“లోపలికెళ్లింది.”

“ఎంతసేపట్లో వస్తుందట? డ్రైవరు ఘాట్ రోడ్డులో మంచు పడుతుంది, తొందరగా బయల్దేరమంటున్నాడు.”

“వచ్చినప్పుడు వస్తుంది” అన్నాను. “అతన్ని కూడా టీ తాగమను.”

సౌమ్య గ్లాసులు కిటికీలో పెట్టి, సంచిలోంచి తన కొత్త శాలువా తీసి నేలమీద మడతగా పరిచి, పాపను అందుకుని, తడిసిన గుడ్డ మార్చడం మొదలెట్టింది. దానికి రావడం లేదు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ఒకామె నవ్వి, జరుగమ్మా అని, ఎలాగో చూపించింది.